ఇంజనులో నీటి పాత్ర

హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండినప్పుడు మిగిలేది నీరు. కట్టె కాలాక బూడిద మిగిలినట్టే హైడ్రోజన్ కాలాక నీరు మిగులుతుంది కనుక, రసాయనశాస్త్రం దృష్టిలో నీరు ఇంధనం కాదు, ఒకసారి కాలిపోయిన ఇంధనపు బూడిద. ఈ బూడిదకు ఒక ప్రత్యేకత ఉంది. నీటిలోకి విద్యుత్తును పంపితే అది తిరిగి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది; దీనినే విద్యుద్విశ్లేషణ అంటారు. అయితే 18 గ్రాముల నీటిని ఇలా విడగొట్టడానికి కనీసం 286 కిలోజౌళ్ల శక్తి వెచ్చించాలి, ఆ వాయువులను మళ్లీ మండిస్తే వచ్చేదీ సరిగ్గా అంతే. మధ్యలో తీగలూ పలకలూ వేడెక్కి పోగొట్టేది నష్టం కిందికే వస్తుంది కాబట్టి, ఈ వ్యాపారంలో అసలు కూడా చేతికి రాదు.

హెచ్‌హెచ్‌ఓ కిట్లు అనే పేరుతో అమ్ముడయ్యే పరికరాలు ఈ లెక్కను దాటిపోయామనే చెబుతాయి. బోనెట్ కింద బిగించే ఒక డబ్బా, అందులో స్టీలు పలకలు, క్షారం కలిపిన నీరు, బ్యాటరీ నుంచి రెండు తీగలు, వచ్చిన వాయువును ఇంజను పీల్చే గాలిలో కలిపే ఒక గొట్టం: కిట్టు మొత్తం ఇంతే. 12 వోల్టుల వద్ద 20 ఆంపియర్ల విద్యుత్తును ఆరు గదులున్న డబ్బాకు పంపారనీ, ఒక్క బుడగ కూడా వృథా పోలేదనీ అనుకున్నా, గంటకు పుట్టే హైడ్రోజన్ నాలుగున్నర గ్రాములు. అది ఇచ్చే వేడి సుమారు 17 మిల్లీలీటర్ల పెట్రోలుతో, అంటే మూడు చెంచాల పెట్రోలుతో సమానం. ఆ విద్యుత్తు ఊరికే రాదు. బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజనే, ఇంజనును తిప్పేది పెట్రోలే కనుక, దారిలో పోయే నష్టాలన్నీ కలుపుకుంటే ఆ మూడు చెంచాల కోసం వంద మిల్లీలీటర్లకు పైగా పెట్రోలు ఖర్చవుతుంది. మరి కిట్టు పెట్టించుకున్నాక మైలేజీ పెరిగిందనేవారి మాటో? పరీక్షించి చూడాలన్న ధ్యాసలో కాలు యాక్సిలరేటర్ మీద కాస్త తేలికగా పడటం ఒక కారణమైతే, కొన్ని కిట్లతో పాటు ఇచ్చే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఆక్సిజన్ సెన్సర్‌ను మాయచేసి, ఇంజనుకు అందే పెట్రోలును తగ్గించడం మరొక కారణం. ఆ మార్పులో నీటి ప్రమేయం లేదు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన స్టాన్లీ మేయర్ ఒక చిన్న బగ్గీ కారును చూపి, అది నీటితోనే నడుస్తుందని ప్రకటించగా, పెట్టుబడి పెట్టిన ఇద్దరు కోర్టుకెక్కారు. ఆయన యంత్రంలో ఉన్నది మామూలు విద్యుద్విశ్లేషణేనని నిపుణులు తేల్చడంతో, న్యాయస్థానం 1996లో దానిని ఘోరమైన మోసంగా నిర్ధారించి 25,000 డాలర్లు తిరిగి చెల్లించమని ఆదేశించింది.

2014లో మార్కెట్లోకి వచ్చిన టొయోటా మిరాయ్ వంటి హైడ్రోజన్ కార్ల సంగతి వేరు. వాటిలోకి వెళ్లేది హైడ్రోజన్, బయటికి వచ్చేది నీరు. ఆ హైడ్రోజన్‌ను నీటి నుంచే తీయవచ్చు కాని, కిలోకు దాదాపు తొమ్మిది లీటర్ల నీటితో పాటు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి ఎండ, గాలి విద్యుత్తు అంత అవసరం కావడానికి కారణమిదే.

ఇంధనం కాలేకపోయినా నీరు ఇంధనానికి తోడుపడగలదు, అదీ తన చల్లదనంతో. మట్టికుండ వేసవిలో చెమర్చి లోపలి నీటిని చల్లబరిచేది ఏ సూత్రంతోనో ఇంజనులోనూ అదే పనిచేస్తుంది: ఆవిరిగా మారేటప్పుడు కిలో నీరు చుట్టూ ఉన్న వేడిలోంచి సుమారు 2,260 కిలోజౌళ్లను లాక్కుంటుంది, పెట్రోలు అందులో ఆరో వంతును మాత్రమే తీసుకోగలదు. ఇలా ఆవిరిలో దాగిపోయే వేడికే గుప్తోష్ణమని పేరు. ఎత్తు ఎక్కుతూనో అతివేగంతోనో ఇంజను బాగా శ్రమిస్తున్నప్పుడు, స్పార్క్ ప్లగ్గు నుంచి సాగే మంట చేరకముందే సిలిండరులో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను భగ్గుమంటుంది; అప్పుడు లోహం మీద చిన్న సుత్తితో కొట్టినట్టు వినిపించే చప్పుడునే నాకింగ్ అంటారు. దీనిని ఆపడానికి ఇంజనులు స్పార్కును ఆలస్యం చేస్తాయి, లేదా కేవలం చల్లబరచడం కోసమే అదనపు పెట్రోలును చల్లుతాయి. పెట్రోలును ఇలా నీళ్లలా వాడే బదులు నీళ్లనే వాడవచ్చు కదా అన్నదే ఇంజనులోకి నీటిని చిమ్మే పద్ధతి వెనుక ఉన్న ఆలోచన.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ థండర్‌బోల్ట్, జర్మన్ మెసర్‌ష్మిట్ విమానాలు ఈ ఉపాయంతోనే కొద్ది నిమిషాల పాటు అదనపు శక్తిని రాబట్టాయి. జర్మన్లు వాడిన ద్రవంలో సగం నీరు, సగం మిథనాల్. 1962లో ఓల్డ్‌స్‌మొబీల్ జెట్‌ఫైర్ కారు అటువంటి మిశ్రమాన్నే టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అనే ఆర్భాటపు పేరుతో వాడింది గాని, యజమానులు ఆ ద్రవాన్ని నింపడం మరచిపోతుండటంతో ఎక్కువ కాలం నిలవలేదు. 2016లో వచ్చిన బీఎమ్‌డబ్ల్యూ ఎం4 జీటీఎస్ డిక్కీలో ఐదు లీటర్ల నీటి ట్యాంకు పెట్టి, 431 హార్స్‌పవర్ ఇంజనును 500కు చేర్చింది. ఈ పద్ధతితో 13 శాతం దాకా పెట్రోలు ఆదా అవుతుందని బాష్ సంస్థ ప్రకటించింది. అది ఇంజను గట్టిగా లాగే సందర్భాల లెక్కే తప్ప, ఊళ్లో ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలే కారుకు వర్తించేది కాదు.

ట్యాంకులో పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. బోరు నీళ్లు పోస్తే, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకొనే తెల్లటి పొర లాంటిదే సన్నని నాజిళ్లను మూసేస్తుంది. మాటిమాటికీ ఈ నీటిని నింపే బెడదను తప్పించడానికి బీఎమ్‌డబ్ల్యూ 2015లో ఒక ప్రయోగాత్మక కారులో ఏసీ నుంచి కారే నీటినే పట్టి ట్యాంకులోకి మళ్లించింది. వేసవిలో ఆగిన కారు కింద చిన్న మడుగు కట్టే చుక్కలు అవే. గాలిలోని తేమ చల్లబడి ఏర్పడిన ఆ నీటిలో లవణాలు ఉండవు; కాకపోతే విశాఖపట్నం ఉక్కపోతలో ధారగా కారే ఆ నీరు, గాలి పొడిబారిపోయే ఆదిలాబాద్ మే నెలలో అంతగా దొరకదు.