అప్‌డేట్ తరువాత పాత ఫోను ఎందుకు నెమ్మదిస్తుంది?

2017 జనవరిలో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 10.2.1 అనే అప్‌డేట్‌ను, అంటే ఐఫోన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌కు ఒక సవరణను విడుదల చేశాక, ఐఫోన్ 6, 6ఎస్ వంటి ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోయే బెడద చాలావరకు తగ్గింది గాని, అందుకోసం వాటి వేగానికే కళ్లెం వేశారన్న సంగతి ఆ ఏడాది డిసెంబరు దాకా వినియోగదారులకు తెలియలేదు. ఫోన్ల వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ పరీక్షను రూపొందించిన జాన్ పూల్, ఒకే నమూనా ఫోన్లు వేర్వేరు అప్‌డేట్లతో తెచ్చుకున్న మార్కులను పోల్చి చూపిన కొద్ది రోజులకే సంస్థ విషయం ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడి ధరను 29కి తగ్గించింది.

అసలు కారణం బ్యాటరీలోనే ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అది నిలవ ఉంచుకోగల విద్యుత్తు తగ్గడమే కాక, దాని అంతర్నిరోధం, అంటే విద్యుత్ ప్రవాహానికి లోపలే ఎదురయ్యే అడ్డు కూడా పెరుగుతుంది. ఫోనుకు మెదడు లాంటి ప్రాసెసర్ బరువైన పనికి దిగి ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగినప్పుడు, బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు, ముదిరిన బ్యాటరీలో ఓల్టేజి పడిపోతుంది. అది ఒక హద్దు దాటితే లోపలి భాగాలను కాపాడుకోవడానికి ఫోను తనంతట తానే ఆగిపోతుంది. చలిలోనూ ఛార్జింగు అడుగంటినప్పుడూ ఈ ముప్పు ఎక్కువ. ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని తగ్గిస్తే ఆ ఆగిపోవడం తప్పుతుంది గాని, యాప్‌లు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

అయితే ప్రతి మందకొడితనానికీ బ్యాటరీనే నిందించడం సరికాదు. అప్‌డేట్ అయిన వెంటనే ఫోను తనలోని ఫొటోలకు మళ్లీ సూచికలు తయారుచేసుకుంటూ, ఆండ్రాయిడ్ అయితే యాప్‌లను కొత్త వ్యవస్థకు తగినట్టు మలచుకుంటూ కొంతకాలం వేడెక్కుతుంది, నెమ్మదిస్తుంది. ఇది దానంతట అదే సర్దుకుంటుంది. కొత్త ఫోన్ల శక్తిని దృష్టిలో పెట్టుకుని రాసిన హంగులు పాత ప్రాసెసర్‌పైనా, చాలీచాలని ర్యామ్‌పైనా, అంటే నడుస్తున్న పనులను తాత్కాలికంగా ఉంచే జ్ఞాపకస్థలంపైనా మోపే భారం మాత్రం సర్దుకునేది కాదు. దీనికి భిన్నంగా, 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు సైతం అందిన 2018 నాటి ఐఓఎస్ 12 పాత ఫోన్లను చురుకుగా నడపడమే ధ్యేయంగా వచ్చింది కనుక, అప్‌డేట్ అంటేనే అనుమానించనక్కరలేదు.

అప్‌డేట్లతో పాత ఫోన్లను నెమ్మదింపజేసిందన్న ఆరోపణపై 2018 అక్టోబరులో ఇటలీ ఆపిల్‌కు కోటి యూరోలు, అలాంటి ఆరోపణపైనే శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేయగా, 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ఆపిల్‌కు వేసిన జరిమానా రెండున్నర కోట్ల యూరోలు. ఫ్రాన్స్ తప్పుపట్టింది వినియోగదారులకు ముందే చెప్పకపోవడాన్ని. ఆగిపోయే ఫోను కన్నా నిదానంగా నడిచే ఫోను మేలే, కాని ఆ ఎంపిక కొన్నవారికి ఉండవలసింది.

భద్రతా లోపాలను పూడ్చేవి కూడా అప్‌డేట్లే కాబట్టి, బ్యాంకు లావాదేవీలు జరిపే ఫోనులో వాటిని మానేయడం వేగం కన్నా పెద్ద నష్టానికి దారితీయవచ్చు. 2018 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 11.3 నుంచి ఐఫోన్ సెట్టింగుల్లోనే బ్యాటరీ ఆరోగ్యం శాతాల్లో కనిపిస్తోంది. అది 80 కన్నా దిగువకు పడితే ముందు బ్యాటరీ మార్పించి, అప్పటికీ ఫోను నెమ్మదిగానే ఉంటే కొత్త ఫోను సంగతి ఆలోచించవచ్చు.