పసిబిడ్డ టోపీ - కుట్లు పెంచే పద్ధతి

చలికాలం వచ్చిందంటే మన సంఘాల స్త్రీలు ఊలు టోపీలు, మేజోళ్లు అల్లి మా ప్రసూతి వార్డుకు పంపుతుంటారు. వాటిని చూచినప్పుడు యొప్పేలో విధవరాండ్రకు బట్టలు కుట్టిన దొర్కా (అపొ. కార్య. 9వ అధ్యాయం) మాకు గుర్తుకు వస్తుంది.

టోపీ ఎందుకు?

పసిబిడ్డ ఒంటితో పోలిస్తే తల పెద్దది. తల తడిగా ఉంటే వేడి త్వరగా పోతుంది. బిడ్డ ఒంటి వేడి 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగదు. ప్రాణానికే ముప్పు రావచ్చు.

అయితే కొన్ని టోపీలు బిగుతుగా ఉండి నుదుటిపై గాట్లు పడుతున్నాయి. కొన్నింటిలో రంధ్రాలు ఉంటున్నాయి. కుట్లు సరిగా పెంచితే ఈ రెండూ పోతాయి.

ఇలా అల్లండి

నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెం.మీ. మధ్యరకం ఊలుతో 60 కుట్లు ఎక్కించి, ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున 3 సెం.మీ. అంచు అల్లండి. తరువాతి వరుసలో 9 కుట్లు మామూలుగా అల్లండి. 10వ కుట్టును ముందు నుండి అల్లి, సూది నుండి జార్చకుండా వెనుక నుండి మరొకసారి అల్లండి. ఒక కుట్టు రెండవుతుంది. ఇలా 6 సార్లు చేస్తే 66 కుట్లు వస్తాయి. అంచు తలను పట్టి ఉంటుంది, పైభాగం వదులుగా ఉంటుంది.

మరొక పద్ధతి: రెండు కుట్ల మధ్యనున్న అడ్డపోగును ముందు నుండి ఎడమ సూదిపైకి ఎత్తి, దాని వెనుక భాగంలో నుండి అల్లండి. పోగు మెలి తిరిగి రంధ్రం మూసుకుంటుంది.

ఇది మాత్రం వద్దు

సూదికి దారం చుట్టి కుట్టు పెంచితే రంధ్రం మిగులుతుంది. అది లేసుకు అందమే గాని, పసిబిడ్డ మేజోళ్లకు, చేతి తొడుగులకు తగదు. రంధ్రంలోనో, లోపల వేలాడే దారంలోనో వేలు చిక్కుకుంటే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. కాబట్టి దారపు కొసలు గట్టిగా కుట్టివేయండి. తొడిగే ముందు లోపలి వైపు తిప్పి చూడండి. బిడ్డ ఊరుకోకుండా ఏడిస్తే చేతివేళ్లు, కాలివేళ్లు చూడండి. దారం బిగిసి వేలు వాచితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

తల్లులారా, టోపీ ఒక్కటే చాలదు. తక్కువ బరువు బిడ్డను మీ రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా రోజుకు కనీసం 8 గంటలు ఉంచుకోండి. ఎండాకాలంలో బిడ్డకు ఉక్కపోస్తుంటే టోపీ తీసివేయండి.

మీ చేతుల కష్టాన్ని ప్రభువు దీవించును గాక.