అలీ గొప్పా? టైసన్ గొప్పా? మరి మన అమ్మాయిలో?

నలుగురు మగవాళ్లు ఒకచోట కూచుంటే ఎన్నటికీ తేలని పంచాయతీలు కొన్ని ఉంటాయి. ఎన్టీఆర్ గొప్పా, ఏఎన్నార్ గొప్పా అన్నది ఒకటి. గవాస్కరా, సచినా అన్నది ఇంకోటి. మా ఇంట్లో మాత్రం మహమ్మద్ అలీయా, మైక్ టైసనా అన్నదే పంచాయతీ. వికారాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మా మామగారి లెక్కలో అలీ తర్వాత బాక్సరే పుట్టలేదు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ చూసుకునే మా మరిదికి టైసన్ దెబ్బ ముందు ఎవరూ ఆగరు. ఇంటర్ చదివే మావాడు ఫోన్లో ఉసిక్‌ను చూపించి "ఈయన ముందు వాళ్లిద్దరూ దిగదుడుపే తాతా" అంటాడు. కంచాల్లో పప్పు చల్లారిపోతున్నా ఎవరూ లేవరు.

ఈ గొడవ మన పేజీకెందుకు అంటారా? ఎందుకంటే పాతకాలాన్నీ కొత్తకాలాన్నీ ఒకే తక్కెట్లో పెట్టి తూచే అలవాటు రింగులోనే కాదు, వంటింట్లోనూ ఉంది. "మా కాలంలో తాండూరు కందిపప్పు రుచే వేరు, మేము కట్టెల పొయ్యి మీద ఇరవై మందికి వండినం" అని మా అత్తమ్మ అన్నప్పుడల్లా నా గ్యాసు పొయ్యి నన్ను చూసి నవ్వినట్టుంటుంది. అది సరదా. కానీ ఈమధ్య ఈ తూకం మా చెల్లెలి కూతురి మీదికి వచ్చింది. తాండూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది. బాక్సింగ్ నేర్చుకుంటానంది. ఇంట్లో పెద్దలు ఒక్క మాటతో కొట్టిపారేశారు: "మేరీ కోమ్‌లు, నిఖత్‌లు మళ్లీ మళ్లీ పుడతరా? నీతోని ఏమైతది?"

"అక్కా, నువ్వు టీచర్‌వు కదా, పంపియ్యాల్నా వద్దా నువ్వే చెప్పు" అని చెల్లెలు అడిగింది. నేను చెప్పేది తెలుగు పాఠాలు. అయినా వికారాబాద్ నుంచి తాండూరుకి రోజూ రైల్లో వెళ్లొచ్చే సమయం ఉంది కదా అని నెల రోజులు ఈ బాక్సింగ్ సంగతులు చదివాను. చదివేకొద్దీ ఆ తక్కెడ మీదే అనుమానం వచ్చింది.

తూకమే మారింది

హెవీవెయిట్ అంటే పైన హద్దు లేని తరగతి. కింది హద్దు మాత్రం కాలంతోపాటు మారుతూ వచ్చింది. రాకీ మార్సియానో 49 పోటీలాడి 49 గెలిచి, ఓటమి ఎరగకుండానే 1956లో తప్పుకున్నాడు. ఆయన బరువు 85 కిలోలకు అటూ ఇటూ. ఇప్పుడైతే 200 పౌండ్ల లోపు, అంటే సుమారు 91 కిలోల లోపు వాళ్లకి క్రూజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. ఆనాటి ఛాంపియన్ ఈనాడు ఆడితే అందులోకే వెళ్లేవాడన్నమాట. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను పడగొట్టిన అలీ సుమారు 98 కిలోలు. ఆరడుగుల తొమ్మిదంగుళాల టైసన్ ఫ్యూరీ 2024 డిసెంబరులో తూకానికి నిలబడితే 127 కిలోల దాకా తూగాడు.

అయితే బరువున్నవాడిదే గెలుపా? అదీ కాదు. ఆ డిసెంబరు పోటీలో ఫ్యూరీని ఓడించిన ఉక్రెయిన్ వీరుడు ఉసిక్ అతనికన్నా పాతిక కిలోలు తక్కువ. అదే ఏడాది మే నెలలోనూ ఓడించాడు. పాదాల కదలికతో, ఓపికతో గెలిచాడు. ఆ లక్షణాలు అలీవే కదా అని మా మామగారు మీసం దువ్వారు. ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను.

ఆట నియమాలూ మారాయి

అలీ రోజుల్లో టైటిల్ పోటీ అంటే 15 రౌండ్లు. 1975లో మనీలాలో జో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు ఆడాక, పదిహేనోదానికి వెళ్లకుండా ఫ్రేజియర్ శిక్షకుడే ఆపేశాడు. 1982లో లాస్ వేగాస్‌లో దెబ్బలు తిన్న కొరియా బాక్సర్ కిమ్ డుక్‌కూ ప్రాణాలు పోవడంతో లోకం ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఒక్కో సంస్థా రౌండ్లని 12కి తగ్గించింది. 1986లో ఇరవై ఏళ్లకే ఛాంపియన్ అయిన టైసన్ ఈ కొత్త కాలపు మనిషి. 1988లో స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించాడు. పదిహేను రౌండ్లకు ఊపిరి దాచుకుని ఆడేవాడినీ, తొమ్మిది పదుల సెకన్లలో తేల్చేసేవాడినీ ఎలా పోలుస్తాం? రోట్లో రుబ్బే చేతినీ మిక్సీ మీట నొక్కే చేతినీ పోల్చినట్టే.

ఎదుట ఎవరిని నిలబెట్టారు?

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇది. 1908లో మొదటి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయిన జాక్ జాన్సన్ 1915లో ఓడిపోయాక, ఇరవై ఏళ్లకు పైగా ఇంకో నల్లజాతి ఆటగాడికి ఆ టైటిల్ కోసం ఆడే అవకాశమే ఇవ్వలేదు. 1937లో జో లూయీ వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. లూయీ 1949 దాకా ఛాంపియన్‌గా ఉండి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆ రికార్డును ఏ హెవీవెయిట్ దాటలేదు. మరి 1915కీ 1937కీ మధ్య ఛాంపియన్లందరూ నిజంగా లోకంలో అందరికన్నా గొప్పవాళ్లేనా? రానివ్వని వాళ్లతో ఆడకుండానే గెలిచినవాళ్లు కదా!

అలీ సంగతీ అంతే. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో టైటిల్ లాక్కుని, మూడున్నరేళ్లు రింగులోకి రానివ్వలేదు. పాతికేళ్ల వయసులో ఆడవలసిన ఆ పోటీలు ఏ లెక్కల పుస్తకంలోనూ లేవు.

అసలు 1970లోనే ఈ పంచాయతీని కంప్యూటర్‌తో తీర్పించబోయారు. అలీ, మార్సియానోల వివరాలన్నీ అందులోకి ఎక్కించి, ఇద్దరితో ఉత్తుత్తి పోటీ చిత్రీకరించి సినిమా హాళ్లలో వేశారు. పదమూడో రౌండ్లో మార్సియానో గెలిచినట్టు కంప్యూటర్ చెప్పింది. ఆ ఫలితం చూడ్డానికి మార్సియానో లేడు. 1969 ఆగస్టులోనే విమాన ప్రమాదంలో పోయాడు. యంత్రానికి ఏం పోస్తే అదే పిండి వస్తుందని మన గిర్నీ వాడికీ తెలుసు.

ఆడవాళ్ల ఖాతా

మగవాళ్ల బాక్సింగ్ 1904లో ఒలింపిక్స్‌లో చేరింది. ఆడవాళ్లది 2012లో. నూట ఎనిమిదేళ్ల తేడా! ఆడవాళ్ల మొదటి ప్రపంచ పోటీలు జరిగిందే 2001లో. అందుకే మగవాళ్ల జాబితాలో వందేళ్ల పేర్లుంటే, మనది నిన్నగాక మొన్న మొదలైన జాబితా.

అయినా ఏం తక్కువ? అలీ కూతురు లైలా 24 పోటీలాడి ఒక్కటీ ఓడకుండా తప్పుకుంది. 2001లో ఫ్రేజియర్ కూతురు జాకీతో కూడా ఆడి గెలిచింది. 2012, 2016 ఒలింపిక్స్ రెండింటిలో 75 కిలోల తరగతిలో బంగారు పతకాలు తెచ్చిన క్లారెస్సా షీల్డ్స్, 2025 ఫిబ్రవరిలో మహిళల హెవీవెయిట్‌లో తిరుగులేని ఛాంపియన్ అయింది. మన దేశంలోనూ 2023లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో లవ్లీనా 75 కిలోల్లో, సవీటీ బూరా 81 కిలోల్లో స్వర్ణాలు గెలిచారు. "లావైతవ్ బిడ్డా" అని అన్నం కాడ అమ్మాయిని సతాయించే తల్లులు ఈ కిలోలు ఒకసారి చదవాలి.

మగవాళ్ల రికార్డుల్లో ఎక్కడా కనపడని గడి ఒకటి మనకుంది. మేరీ కోమ్‌కి 2007లో కవల పిల్లలు పుట్టారు. 2008లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయింది. మొత్తం ఆరు ప్రపంచ టైటిళ్లలో చివరిది 2018లో, ముగ్గురు పిల్లల తల్లిగా గెలిచింది. లూయీ 25 సార్లు టైటిల్ కాపాడుకోవడం గొప్పే. రాత్రి రెండు గంటలకు ఏడ్చే ఇద్దరు పసివాళ్లని కని, పెంచుతూ కాపాడుకోవడాన్ని ఏ తక్కెట్లో వేద్దాం?

రెండు కాలాలు ఒకే రింగులో

అలీ, టైసన్‌లు మంచి వయసులో ఎన్నడూ ఎదురుపడలేదు కాబట్టే ఆ గొడవ తెగదు. మన ఆడపిల్లల్లో మాత్రం రెండు తరాలు నిజంగానే తలపడ్డాయి. 2019 డిసెంబరు, ఢిల్లీ. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో తేల్చే ట్రయల్ అది. ముప్పై ఆరు దాటిన మేరీ కోమ్ ఒకవైపు, ఇరవై మూడేళ్ల మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ఇంకోవైపు. మేరీ 9-1 తేడాతో గెలిచింది.

ఆరోజు చూసినవాళ్లు ఏమనుకుని ఉంటారు? "పాతకాలమే గొప్ప" అనే కదా! కానీ 2022 మేలో ఇస్తాంబుల్‌లో అదే నిఖత్ 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడింది. ఆ వూ యూనే చివరికి బంగారు పతకం తీసుకుపోయింది. ఒక్కరోజు ఫలితంతో ఒక తరాన్ని కొలిస్తే ఎంత పొరపాటో చూడండి.

ఇందులోనూ నియమాల తేడా ఉంది. 2012లో మేరీ లండన్‌లో కాంస్యం తెచ్చినప్పుడు ఆడవాళ్లకి రెండు నిమిషాల రౌండ్లు నాలుగు. నిఖత్ ఆడింది మూడు నిమిషాల రౌండ్లు మూడు. అప్పట్లో తగిలిన దెబ్బల్ని కంప్యూటర్ మీటలతో లెక్కపెట్టేవారు. ఇప్పుడు రౌండుకి పది మార్కుల చొప్పున న్యాయనిర్ణేతలు వేస్తారు. పరీక్ష పేపరే మారితే ర్యాంకులు ఎలా పోలుస్తాం?

ఇంకో సంగతి. నలుగురు ఆడపిల్లలున్న ఇంట్లో మూడోది నిఖత్. మొదట మైదానంలోకి తీసుకెళ్లింది తండ్రి జమీల్ అహ్మద్. మేరీ తన దారి తానే కొట్టుకుంటూ వచ్చింది. నిఖత్‌కి ఆ దారి కొంత కనిపించింది. మా తాండూరు పిల్లకి ఇంకా బాగా కనిపిస్తుంది. తర్వాతి తరం గొప్పదో కాదో గానీ, ముందు తరం వేసిన బండల మీదే నడుస్తుంది.

చెల్లెలికి ఏం చెప్పానంటే

"మేరీ కోమ్ అవుతుందా అని అడగకు. అది ఎవరూ చెప్పలేరు. ఈ పిల్లకి ఈ ఆట పనికొస్తదా, ఈ ఆటలో ఈ పిల్ల భద్రంగ ఉంటదా, అది అడుగు" అన్నాను. భయం పూర్తిగా తప్పనీ అనలేదు. తలకి దెబ్బలు మంచివి కావు. అలీకి 1984లో పార్కిన్సన్స్ జబ్బు బయటపడింది. అందుకని చేర్చేముందు ఈ నాలుగూ చూసుకోమన్నాను:

మొదటి నెలల్లో పరుగు, స్కిప్పింగ్, కాళ్ల కదలిక నేర్పుతారా, లేక వెంటనే కొట్టుకోమంటారా? సాధనలో తలకి రక్షణ, పళ్లకి గార్డు తప్పనిసరేనా? తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి అయినా ఆట ఆపి డాక్టరుకి చూపిస్తారా? అక్కడ ఇంకా ఆడపిల్లలున్నారా, చీకటి పడేలోపు ఇంటికి చేరే వీలుందా?

చెల్లెలు నాలుగూ ఒక కాగితం మీద రాసుకుంది. మరునాడు కూతుర్ని వెంటబెట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే అడిగింది. మూడింటికి సరైన జవాబొచ్చింది. నాలుగోదానికి, "మీ అమ్మాయే మొదటి ఆడపిల్లమ్మా" అన్నాడట. చెల్లెలు ఊరుకోలేదు. వీధిలో ఇంకో ఇద్దరు తల్లుల్ని ఒప్పించింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ముగ్గురూ కలిసే వెళ్తున్నారు, కలిసే వస్తున్నారు.

మీ ఇంట్లో అమ్మాయి కూడా ఏ ఆటకో వెళ్తానంటే, పెద్ద పేర్లు చెప్పి నోరు మూయించకండి. ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబులు బాగుంటే బూట్లు కొనివ్వండి. ఏమంటారు?