బాతుగుడ్లకు తల్లి యెవరు?

మన మాగాణి గ్రామములలో బాతుగుడ్లను కోడిపెట్ట క్రింద పొదగవేయుట చిరకాలపు అలవాటు. కోడిగుడ్డు 21 దినములకు పిల్ల యగును. బాతుగుడ్డునకు 28 దినములు కావలెను. మూడు వారములు నిండినను పెంకు పగులని ఆ గుడ్లపై పెట్ట మరియొక వారము ఓపికతో కూర్చుండును. తీరా ఆ పిల్లలు కాలువ కనబడగానే నీటిలోనికి దిగినప్పుడు, గట్టుమీద అటు నిటు పరుగిడు పెట్ట ఆరాటమును చూచినవారికి నవ్వును వచ్చును, జాలియు కలుగును.

బాతు తన గుడ్లను తానే యేల పొదగదు? దోషము దానిది కాదు. ఇంటి బాతులలో అధికభాగమునకు మూలమైన అడవిబాతు తన రొమ్ము ఈకలను గూటిలో పరచి శ్రద్ధగా పొదుగును. కాని పొదుగ కూర్చున్న బాతు గుడ్లు పెట్టుట మానును. గుడ్లు కోరిన మానవుడు తరతరములుగా కూర్చుండని వాని సంతతినే పెంచుచు వచ్చెను. ఇంగ్లండులో అడేల్ కాంప్‌బెల్ అను నామె రూపొందించిన ఖాకీ కాంప్‌బెల్ బాతు ఏడాదికి 300 గుడ్ల వరకు పెట్టగలదు. పొదుగుట మాత్రము దాదాపు మరచినది.

తల్లి మరచిన పని మానవునిపై బడినది. ఈజిప్టులో మట్టి ఇటుకల గదులను వేడిచేసి వేలకొలది కోడిగుడ్లు పొదిగించువారు ప్రాచీనకాలమునుండి కలరు. వారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని గుర్తించెడివారు. నేడు ఇంటిలోనో, పాఠశాలలోనో ఒక థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, వేడిని అదుపుచేయు థర్మోస్టాటు, నీళ్ల గిన్నె ఉన్న చాలును. గాలి తిరుగు పెట్టెలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నిలువవలెను. కొద్దిసేపు కరెంటు పోయి చల్లబడిన గుడ్డు తట్టుకొనును. వేడి మించిన తట్టుకొనదు. తల్లియు మేతకై లేచిపోవుచుండును గదా! రోజుకు పలుమారులు గుడ్లను త్రిప్పవలెను. లేనిచో పిండము పొరకు అంటుకొనును. ఏడవనాడు చీకటిలో దీపమునకు ఎదురుగా పట్టి చూచిన, సాలెపురుగు కాళ్లవలె నలుదెసల ప్రాకిన ఎర్రని నరములు కనబడును. విద్యార్థులకు ఇంతకు మించిన జీవశాస్త్ర పాఠము అరుదు.

అసలు పరీక్ష చివరి మూడు దినములలో నున్నది. ఇరువదియైదవ నాటినుండి గుడ్లు త్రిప్పుట మాని, పెట్టెలో తేమ పెంచవలెను. పిల్ల మొదట లోపలి పొరను చీల్చి, గుడ్డు లావుకొననున్న గాలిగదిలో ఊపిరి పీల్చును. పిదప పెంకుపై చిన్న బీట వేయును. అటుపిమ్మట చాలసేపు కదలిక యుండదు. ఒక్కొక్కప్పుడు ఇది ఒక దినమునకు మించును. పిల్ల చిక్కుకొన్నదని భయపడి, దయతో పెంకు ఒలుచుటకు చేయి సాచని వారుండరు. ఆ దయయే ప్రాణాంతకము. పొరలోని నాళములలో ఇంకను రక్తము ప్రవహించుచుండును. పచ్చసొన పూర్తిగా కడుపులోనికి చేరియుండదు. మూత తెరచినను ముప్పే. తేమ తగ్గి, పొర ఎండి పిల్లను బిగించివేయును. అద్దములోనుండి చూచుటయే తప్ప చేయవలసినది లేదు.

వేడి, తేమ, కదలిక యంత్రమునుండి లభించును. గొంతు లభించదు. తల్లిబాతు పిలుపును పిల్ల పెంకులోనుండియే వినగలదు. 1973లో నోబెల్ బహుమానము పంచుకొన్న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్, అప్పుడే పుట్టిన బాతుపిల్లలు మౌనముగా నున్న మనిషిని వెంబడింపవని గమనించెను. తల్లివలె అరచిన మాత్రము వెంట వచ్చినవి. అయితే తాను పొట్టిగా కనబడవలెను. అందుచే ఆయన గడ్డిలో చతికిలబడి, ఎడతెగక బాతుకూత కూయుచు ప్రాకవలసి వచ్చెను. కంచెవద్ద చేరిన దారినపోవువారికి నిడుపైన గడ్డిలో పిల్లలు కనబడలేదు. గడ్డము పెంచిన పెద్దమనిషి ఒకడే కనబడెను.