గాలానికి ముందు గుడ్డు

మెల్‌బోర్న్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో సెలవు దొరికితే ఈల్డన్ సరస్సుకి గాలం పట్టుకెళ్ళేవారు చాలామందే ఉన్నారు. అక్కడ పడే చేపల్లో అనేకం హేచరీలో పెరిగి లారీలో వచ్చినవే. దగ్గర్లోని స్నాబ్స్ క్రీక్ హేచరీ 1940ల నాటిది. అక్కడ ట్రౌట్‌తో పాటు దేశవాళీ మర్రే కాడ్ పిల్లల్నీ పెంచుతారు. ట్రౌట్ మాత్రం మనలాగే వలస వచ్చింది. 1864లో 'నార్ఫోక్' ఓడలో, మంచు మధ్య నాచులో పొదిగి తెచ్చిన గుడ్లు మెల్‌బోర్న్ మీదుగా టాస్మానియా చేరాయి.

పాతకాలపు ట్రౌట్ హేచరీ సూత్రం తేలిక. ఏటి నీరు ఒకవైపు నుంచి తొట్లలోకి వస్తుంది, రెండోవైపు నుంచి పోతుంది. ఏరు చల్లగా, నిండుగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా వేసవిలోనే. 10 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 25 డిగ్రీలకి అది 8కి పడిపోతుంది. ఆ వేడిలో చేపకి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. అంటే అవసరం పెరిగినప్పుడే సరఫరా తగ్గుతుందన్నమాట. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం కొల్లేరు ప్రాంతపు రైతులకి బాగా తెలుసు.

దీనికి ఆధునిక పరిష్కారం, నీటిని చల్లబరిచి, శుభ్రం చేసి, మళ్ళీ మళ్ళీ వాడుకోవడం. చేపలు వదిలే అమ్మోనియాని ఫిల్టర్లలోని బాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. నీళ్ళు ఆదా అవుతాయి, ఏటి మీద ఆధారపడటం తగ్గుతుంది. కానీ ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో గడిపిన నాకు ముందు కనిపించేది ఇంకోటి. ఏరు ఒక్కసారిగా ఆగదు, పంపు ఆగుతుంది. కిక్కిరిసిన తొట్టెలో పంపు ఆగితే చేపలకి మిగిలేది నిమిషాలే. మా సర్వర్ పడిపోతే మళ్ళీ లేపుతాం. చచ్చిన చేపపిల్లల్ని ఎవరు లేపుతారు?

అందుకే పాత హేచరీని బాగుచేసేటప్పుడు మెరిసే తెరల కంటే ముందు రెండో పంపు, జనరేటరు, కరెంటు లేకపోయినా పనిచేసే ఆక్సిజన్ సిలిండర్లు, అర్ధరాత్రి అలారం మోగితే పరిగెత్తుకొచ్చే మనిషి కావాలి. ప్రారంభోత్సవం ఫొటోల్లో ఇవేవీ కనిపించవు గనక బడ్జెట్ కోతలో ముందు పోయేవీ ఇవే.

ఈ లెక్క మనకెందుకంటారా? విక్టోరియాలో 18 నుంచి 69 ఏళ్ళ వాళ్ళు గాలం వేయాలంటే, కొన్ని మినహాయింపులు తప్ప, లైసెన్సు ఉండాలి. ఆ రుసుము వినోదపు చేపల వేట కోసమే కేటాయించిన ట్రస్టు ఖాతాలోకి వెళుతుంది. మన డబ్బూ అందులో ఉంది కాబట్టి, "రెండో పంపు ఉందా?" అని అడిగే హక్కు మనకీ ఉంది.