ఆ ‘ఊఁ’కి అర్థమేమిటి?

పిఠాపురం నుంచి ఉప్పాడ దారి పట్టి కొత్తపల్లి వైపు వెళితే మగ్గాల చప్పుడు వినబడుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ చీర పుట్టేది ఆ చుట్టుపక్కల ఇళ్లలోనే. ఒక్కో మగ్గానికి ఇద్దరు కూర్చుంటారు, చాలాచోట్ల ఆలుమగలే. బుటా బుటాకీ చేత్తో పోగు దూర్చి నేయాలి. చీరను బట్టి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లాడికి అమ్మా నాన్నా ఇద్దరూ చేతికందే దూరంలోనే ఉంటారు. కళ్లు మాత్రం పోగుల మీద. ‘‘అమ్మా, ఇలా చూడు’’ అంటే ‘‘చెప్పరా, వింటున్నా’’ అంటుందే గానీ తల తిప్పదు. తిప్పితే పోగు తప్పుతుంది మరి.

కాకినాడలో ఉద్యోగం చేసుకుని పొద్దుపోయాక ఇల్లు చేరే తల్లిదండ్రులది ఇంకో రకం. వాళ్లు ఇంట్లో ఉండరు, నేతవాళ్లు ఉంటారు. అయినా ఇద్దరూ చెప్పుకునేది ఒకటే: ‘‘మావాడు ఏదడిగినా ఊఁ అంటాడండీ, అంతే!’’ సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పోసిన సంస్థానం పిఠాపురానిదే. ఆ సంపుటాలన్నీ తిరగేసినా ఈ ‘ఊఁ’కి అర్థం దొరక్కపోవచ్చు.

1999లో ఎలెన్ గాలిన్‌స్కీ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక పుస్తకం ప్రచురించారు. అందుకోసం వెయ్యిమందికి పైగా బడిపిల్లలను ఒక ప్రశ్న అడిగారు. అమ్మ ఉద్యోగం, నాన్న ఉద్యోగం మీ మీద చూపే ప్రభావంలో ఒక్కటి మార్చుకోవచ్చంటే ఏం కోరుకుంటారు? పిల్లలు ఏమంటారో ఊహించి చెప్పమని తల్లిదండ్రులనూ అడిగారు. ‘మాతో ఇంకాస్త సేపు గడపాలంటారు’ అన్నవాళ్లు 56 శాతం. తీరా చూస్తే అమ్మ విషయంలో అలా కోరిన పిల్లలు 10 శాతం, నాన్న విషయంలో 15.5 శాతం. అన్నిటికన్నా ఎక్కువమంది కోరింది, అమ్మా నాన్నా ఇంత ఒత్తిడితో, ఇంత అలసటతో ఉండకూడదని. అమ్మ గురించి ఈ మాట అన్నవాళ్లు 34 శాతం.

అమెరికా అంకెలను తెచ్చి మన ఇళ్లకు అతికించడం నాకూ ఇష్టం లేదు. అక్కడి చాలా ఇళ్లలో నాన్నమ్మలూ అమ్మమ్మలూ ఉండరు. అయినా గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడును బట్టే ఆ రోజు నాన్న మనసెలా ఉందో కనిపెట్టే పిల్లలు మనకు కొత్తేం కాదు. వాళ్లు గడియారం చూడరు, మన ముఖం చూస్తారు.

ముఖం చూడడం నెలల వయసులోనే మొదలవుతుంది. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, పాపతో ఆడుతున్న తల్లి కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరకే చూస్తుంది. పాప ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది. ఫలితం లేదని తెలిశాక ముఖం పక్కకు తిప్పేసుకుని నీరసపడిపోతుంది. తర్వాతి ఏళ్లలో తల్లి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి చూసినా పసివాళ్లు అలాగే చిన్నబోయారు. పెద్దపిల్లల ‘ఊఁ’లో ఆ పక్కకు తిప్పుకోవడమే వినిపిస్తుంది నాకు. ఇది నా ఊహ, ప్రయోగం తేల్చింది కాదు.

దీన్ని పట్టుకుని మగ్గం ముందున్న తల్లిని తప్పుపడితే అన్యాయం. ట్రోనిక్ లెక్కలోనే, సవ్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా తాళం సరిగ్గా కుదిరేది సుమారు 30 శాతం సమయంలోనే. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. తెగిన పోగును ముడివేయడం నేతగాళ్లకు ఒకరు నేర్పాలా?

పదమూడేళ్లు దాటాక చిక్కు ముదురుతుంది. స్టాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్తలు 2016లో 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అర్థంలేని పదాలు వినిపిస్తే, సెకను కూడా లేని శబ్దంలోనే అమ్మ గొంతును 97 శాతం సార్లు గుర్తుపట్టారు. ఆనందం కలిగించే మెదడు భాగాలు ఆ గొంతుకు బాగా స్పందించాయి. 2022లో అదే బృందం 13 దాటిన పిల్లలను పరీక్షిస్తే, ఆ భాగాలు అమ్మ గొంతు కన్నా పరాయి గొంతుకే ఎక్కువ స్పందించాయి. ఇంట్లోంచి లోకంలోకి వెళ్లడానికి మెదడు చేసుకునే ఏర్పాటిది. మనం దానికి పొగరని పేరు పెడతాం.

అప్పుడు గొంతు పెంచి తప్పులెంచుతాం. తప్పులెంచితే ఏమవుతుందో 2015లో ఇంకో బృందం చూసింది. అమ్మ చేసే విమర్శను 30 సెకన్లపాటు వినిపిస్తే, పిల్లల మెదడులో బాధ తాలూకు భాగాలు రేగాయి. ఆవేశాన్ని అదుపు చేసే భాగాలు, ఎదుటివారి మనసును అర్థం చేసుకునే భాగాలు మందగించాయి. ‘‘నా బాధ నీకు అర్థం కాదురా!’’ అని మనం అరిచే క్షణంలోనే, అర్థం చేసుకునే శక్తి వాడిలో తగ్గిపోతోందేమో.

బద్ధకమనీ నిర్లక్ష్యమనీ మనం అనుకునేవాటిలో కొన్ని శరీరం సంగతులే. బోర్డు కనబడని కళ్లు, చెవిలో నీరు చేరి సరిగ్గా వినపడకపోవడం, అక్షరాలు కూడబలుక్కోలేని డిస్లెక్సియా. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. తెల్లవారుజామున ట్యూషన్‌కు లేవని పిల్లాడిని తిట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మాటే మానేసి, తిండి తగ్గించి ముభావంగా ఉండిపోతే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

గంటల లెక్క గురించి చివరగా ఒక సంగతి. 2015లోనే వచ్చిన మరో అధ్యయనంలో, 3 నుంచి 11 ఏళ్ల పిల్లలతో తల్లి గడిపే గంటలకూ వాళ్ల చదువు, నడవడికలకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. సమయం కొంత మేలు చేసింది కౌమారంలోనే. ‘ఎదిగాడులే’ అని మనం వదిలేసే వయసది.

ఆ వయసు పిల్లలతో గడిపే వీలు ఉప్పాడ మత్స్యకారులకు వేసవిలో దొరుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఉప్పాడ తీరంలో బోట్లు ఆగిపోతాయి, బడికీ దాదాపు అప్పుడే సెలవులు. వలలు బాగుచేసుకునేటప్పుడు పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకోండి. మార్కుల సంగతి ఎత్తకండి. మొదటి మాట వాడినే అననివ్వండి.