సోయ్ గా: జిగురన్నంపై హలాల్ కోడి

వియత్నాం వీధుల్లో ఉదయపు ఫలహారంగా అమ్మే 'సోయ్ గా' అంటే కోడిమాంసంతో జిగురన్నం. పేరులో కోడి ఒక్కటే ఉన్నా, పైన పోసే కొవ్వు, పక్కన పెట్టే తియ్యని సాసేజీ తరచుగా పందివే. కనుక ఇంట వండుకోవడమే నిశ్చింత.

జిగురు బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీరు వార్చి, ఉప్పు కలిపి, తడిగుడ్డపై పరచి సుమారు 30 నిమిషాలు ఆవిరిపై ఉడికించాలి. ఎసట్లో వేశారా, అన్నం కాదు, బంక మిగులుతుంది! మధ్యలో ఒకసారి నీళ్లు చిలకరించాలి. జబహ్ చేసిన కోడిని అల్లంతో ఉడికించి పోగులుగా చీల్చాలి. తరిగిన ఉల్లికాడలపై కాగిన వేరుశనగ నూనె పోస్తే చాలు, కమ్మదనం వస్తుంది. సోయా సాస్ కొనేటప్పుడు మాత్రం సీసాపై ముద్రించిన దినుసులు చదవాలి. కొన్నింటిలో మద్యసారం కలుపుతారు. అన్నం వేడిగా ఉండగానే వడ్డించాలి, చల్లారితే గట్టిపడుతుంది.